చందమామను చూపించిన పిల్ల

మా అబ్బాయి సంగతి అందరికన్నా ముందు కనిపెట్టింది మా అత్తమ్మ. ఆమె బడికి పోలేదు. సంతకం పెట్టడం కూడా పొదుపు సంఘంలో చేరాక నేర్చుకుంది. 2011లో ఒక వేసవి రాత్రి, హనుమకొండలో మా డాబా మీద వాడికి బువ్వ తినిపిస్తోంది. వాడికప్పుడు ఇరవై నెలలు. చందమామను చూపిస్తూ ముద్ద నోట్లో పెట్టడం ఏ తెలుగింట్లోనైనా జరిగేదే. అలా రెండు మూడు రాత్రులు చూసి ఆమె నాతో అంది: "బిడ్డా, పోరడు చందమామను సూస్తలేడు. నా ఏలును సూస్తుండు."

"చిన్నపిల్లాడు గదా అత్తమ్మా" అని నవ్వాను.

"మన పెద్దది గింత వయసుల నాకే సూపిచ్చేది" అంది.

పెద్దది, అంటే ఆరేళ్ల మా అమ్మాయి, అక్కడే ఉంది. నాయనమ్మ మాట వినగానే లేచి తమ్ముడి గడ్డం పట్టుకుని పైకి తిప్పింది. వాడు చూడలేదు. "అగో! అగో!" అంటూ డాబా ఈ మూల నుంచి ఆ మూలకు ఉరికింది. ఆ ఉరుకులో కాలు తగిలి పళ్లెం బోర్లాపడింది. అన్నమంతా డాబా మీద. "ఒక్కచోట కుదురుగా కూర్చోవడం రాదా నీకు?" అని వీపు మీద ఒకటి వేశాను.

ఆ రాత్రి గురించి నేను చాలామందికి చెప్పాను. డాక్టర్లకు, థెరపిస్టులకు, బడిలో హెడ్మాస్టర్లకు, నాలాంటి ఇతర తల్లులకు. ప్రతిసారీ అత్తమ్మ మాట దగ్గర ఆపేసేదాన్ని. పళ్లెం సంగతి, ఆ దెబ్బ సంగతి ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, అందులో చెప్పాల్సిందేదో ఉందని నాకు తోచనే లేదు.

అత్తమ్మ గమనించినదానికి వైద్యంలో జాయింట్ అటెన్షన్ అని పేరుందని తర్వాత తెలిసింది. ఒకరు చూపించినదాన్ని ఇంకొకరు చూడటం, చూసి మళ్లీ వాళ్ల మొహంలోకి చూడటం, ఇద్దరం ఒకదాన్నే చూశామని ఇద్దరికీ తెలియడం. ఎక్కువమంది పిల్లల్లో ఇది ఏడాది నిండే వేళకు మొదలై ఏడాదిన్నరకల్లా కుదురుకుంటుంది. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నర దాటినా కావలసినదాన్ని వేలితో చూపించకపోవడం, వచ్చిన మాటలు పోవడం కనిపిస్తే ఆగకుండా చూపించాలి. వాడిలో ఈ మూడూ ఉన్నాయి. 'తాత', 'అక్క' అన్న మాటలు వచ్చినట్టే వచ్చి పోయాయి. దాహమైతే అడగడు, చూపించడు. నా చెయ్యి పట్టుకుని బిందె దాకా లాక్కెళ్లి ఆ చేతిని గ్లాసు మీద పెట్టేవాడు. నా మొహంలోకి చూసేవాడు కాదు.

అయినా మేం పది నెలలు ఆగాం. మగపిల్లలకు మాట ఆలస్యమన్నారు. వాళ్ల నాన్నకు కూడా నాలుగేళ్లకే వచ్చిందన్నారు. పిల్లల డాక్టరు మూడేళ్లు నిండనివ్వండి అన్నాడు. చెవులు వినపడుతున్నాయో లేదో తెలుసుకోవడానికి బెరా పరీక్ష చేయించాం. బాగానే ఉన్నాయి. పక్కగదిలో బిస్కెట్ ప్యాకెట్ చప్పుడైతే ఉరికొచ్చేవాడికి చెవుడు లేదని నాకు ముందే తెలుసు. కానీ ముందు చెవుల సంగతి తేల్చుకోవడమే సరైన పద్ధతి, ఆ పరీక్ష దండగ కాదు. దండగైంది మిగిలిన కాలమే. అత్తమ్మ మాట పట్టుకుని ఆ వేసవిలోనే వెళ్లి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. చదువుకున్న కోడలికి చదువురాని అత్త మాట సమాచారంలా కాక చాదస్తంలా వినపడింది.

మొదట ఊళ్లోనే ఒక ప్రైవేటు క్లినిక్‌లో చూపించాం. అక్కడ నన్నడిగిన ప్రశ్నలు నాకింకా వరసగా గుర్తున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు టెన్షన్ పడ్డారా? ఉద్యోగం చేస్తారా? రోజుకు ఎన్ని గంటలు బాబు దగ్గర ఉంటారు? టీవీ ముందు కూర్చోబెట్టి మీ పని మీరు చేసుకుంటారా? పక్క కుర్చీలో కూర్చున్న వాళ్ల నాన్ననడిగింది ఒక్కటే: "సార్, మీరేం చేస్తుంటారు?"

అప్పటికి నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతూ, స్త్రీల కథల్లో మాతృత్వం అన్న విషయం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. రెండు అధ్యాయాలు రాశాను. మాతృత్వాన్ని ఆకాశానికెత్తడం, తల్లిని నేరస్థురాలిగా నిలబెట్టడం బొమ్మా బొరుసూ లాంటివని ఉదాహరణలతో సహా నిరూపించాను. ఆ క్లినిక్‌లో మాత్రం నోరు మెదపకుండా, తొమ్మిదో నెల దాకా బస్సులో కాలేజీకి వెళ్లిన మాట నిజమేనని ఒప్పుకున్నాను. ఆ రాత్రి ఏడుస్తూ కూర్చున్నది బస్సు గురించే.

ఆ ప్రశ్నలకొక చరిత్ర ఉందని తర్వాత చదువుకున్నాను. అమెరికాలో లియో కానర్ అనే మానసిక వైద్యుడు 1943లో పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం అన్న మాట వైద్యంలో స్థిరపడింది. ఆ పదకొండు మందిలో ఎనిమిది మంది మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని ఆయన తర్వాత రాశాడు. దానిలోంచి 'రిఫ్రిజిరేటర్ మదర్' అన్న మాట పుట్టింది. 1967లో బ్రూనో బెటల్‌హైమ్ రాసిన పుస్తకం ఆ నిందను ఇంటింటికీ చేర్చింది. దాన్ని ముందుగా ఎదిరించిన వాళ్లలో తల్లిదండ్రులే ఎక్కువ. ఆటిజం ఉన్న కొడుకు తండ్రి బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే ఇది పుట్టుకతో వచ్చే శారీరక విషయమని పుస్తకం రాశాడు. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ కవలల మీద చేసిన పరిశోధన దీనికి వంశపారంపర్యంగా వచ్చే మూలాలున్నాయని చూపించింది. లండన్‌లో లోర్నా వింగ్ అనే మానసిక వైద్యురాలు, తన కూతురికి ఆటిజం ఉన్న తల్లి, ఇది ఒకే మూసలో ఉండదనీ, రకరకాలుగా ఉంటుందనీ చెప్పి 'స్పెక్ట్రమ్' అన్న ఆలోచనకు దారి వేసింది. ఇంతకన్నా వెనక, 1925లోనే, గ్రున్యా సుఖరేవా అనే సోవియట్ వైద్యురాలు ఇలాంటి పిల్లల గురించి వివరంగా రాసింది. ఆడపిల్లల గురించి కూడా రాసింది. ఆమె పేరు చాలా దశాబ్దాలు ఎవరూ తలచుకోలేదు.

శాస్త్రం ఆ నిందను ఎప్పుడో వదిలేసింది. అయితే అది 2012లో హనుమకొండ క్లినిక్‌లో బతికే ఉంది, మా చుట్టాల్లోనూ బతికే ఉంది. "ఉద్యోగం చేసే తల్లికి పుట్టినోడు" అన్న మాట నేను వినేలాగే అనేవాళ్లు.

తర్వాత కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాం. అంచనా అంటే రక్తం తీస్తారనో, స్కానింగ్ చేస్తారనో అనుకున్నాను. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. ఉన్నవి రెండే: పిల్లాణ్ణి చూడటం, పెంచినవాళ్లనడగడం. మన దేశంలో 2009లో వచ్చిన ఐసా అనే కొలమానంలో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా వేస్తారు. మొత్తం 70కి లోపుంటే ఆటిజం లేదని, 153 దాటితే తీవ్రమని లెక్క. వాడు మధ్యలో వచ్చాడు. ఆ రోజు నన్నెవరూ ఉద్యోగం గురించి అడగలేదు. మాటలు ఎప్పుడొచ్చాయి, ఎప్పుడు పోయాయి, ఏ చప్పుడుకు చెవులు మూసుకుంటాడు, ఎలాంటి బట్టలు ఒంటి మీద ఉంచుకోడు, ఏ ఆట మళ్లీ మళ్లీ ఆడతాడు అని అడిగి, నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. నా జ్ఞాపకానికి అంత విలువ దొరకడం అదే మొదలు. నేను చెప్పిందే సాక్ష్యం! ఆ గర్వం నాలో చాలా ఏళ్లుంది. ఆ గర్వమే తర్వాత నన్ను దెబ్బతీసింది.

థెరపీ సెంటర్ వరండాలో వారానికి మూడు రోజుల చొప్పున నాలుగేళ్లు గడిపాను. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ. ఆ వరండాలో ఎప్పుడు చూసినా ఆడవాళ్లమే. టిఫిన్ డబ్బాలు, నీళ్ల సీసాలు, ఒకరి చంటిపిల్లను ఒకరు ఎత్తుకోవడం. ఒకామె బీడీలు చుట్టే పని మానేసి వచ్చేది. ఒకామెను భర్త పుట్టింట్లో వదిలేసి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఈ పిల్లాణ్ణి కన్నందుకు. ఒకామె పొలం అమ్మి స్టెమ్ సెల్ చికిత్స చేయించింది. ఆటిజానికి అది పనిచేస్తుందన్న నిరూపణ లేదని ఆమెకు ఎవరూ ముందు చెప్పలేదు. టీకాల వల్ల వచ్చిందేమోనని ఇంకొకామె రెండో బిడ్డకు వేయించడం మానేసింది. ఆ మాట పుట్టించిన 1998 నాటి వ్యాసాన్ని అచ్చువేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుందని నేను చదివి చెప్పాక వేయించింది. నేను విశ్వవిద్యాలయంలో నేర్చుకున్న స్త్రీవాదం కన్నా ఆ వరండాలో నేర్చుకున్నది ఎక్కువని అంటే అతిశయోక్తి కాదు.

నా జీవితంలో భాగస్వామిని రాతల్లో 'సహచరుడు' అని రాయడం నాకు అలవాటు. ఈ ఒక్క విషయంలో ఆ మాట రాయడానికి చాలా ఏళ్లు చెయ్యి రాలేదు. మంచివాడే. ఫీజులు కట్టాడు, కొడుకును చూసి సిగ్గుపడలేదు, పెళ్లిళ్లకూ పేరంటాలకూ భుజాన వేసుకుని తీసుకెళ్లాడు. కానీ "ఏం చెయ్యాలో చెప్పు, చేస్తాను" అనేవాడు. ఏం చెయ్యాలో తెలుసుకోవడమే అసలు చాకిరీ అని ఆయనకు తట్టలేదు. నా పీహెచ్‌డీ గడువు రెండుసార్లు పొడిగించారు, మూడోసారి నేనే అడగలేదు.

ఒక థెరపిస్టు సలహా ఇచ్చింది: "ఇంట్లో ఒకే భాష మాట్లాడండి, ఇంగ్లీషైతే మంచిది. బడిలో అదే కదా. రెండు భాషలైతే కన్‌ఫ్యూజ్ అవుతాడు." తెలుగు టీచర్ని, కొడుకుతో 'కమ్', 'సిట్', 'ఈట్' అని మాట్లాడాను. అత్తమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి వాడి దగ్గర మౌనంగా ఉండమన్నాం. ఉంది. ఎనిమిది నెలలు. వాడికి తినిపిస్తూ పెదవులు బిగబట్టుకుని కూర్చునేది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడదని పరిశోధనలు చెబుతున్నాయని నాకు తెలిసేసరికి ఆ ఎనిమిది నెలలూ పోయాయి. "అత్తమ్మా, ఇగ మాట్లాడు" అన్ననాడు ఆమె కొంగుతో కళ్లొత్తుకుని, వాడితో ఏమేమో గంటసేపు మాట్లాడింది. ఐదో ఏట వాడు పోయిన మాటల తర్వాత మొదటి మాట అన్నాడు. అన్నం వడ్డిస్తున్న ఆమె చెయ్యి ఆపి, "సాలు" అన్నాడు. నేను నేర్పిన 'ఎనఫ్' కాదు. మా తెలుగు పాఠాల్లోని 'చాలు' కూడా కాదు. ఆమె 'సాలు'.

ఇప్పుడు వాడికి పదహారేళ్లు. నాలుగైదు మాటల వాక్యాలు మాట్లాడతాడు. బొమ్మల కార్డులు వరసగా గోడకు అంటించి ఉంటాయి: స్నానం, టిఫిన్, బడి, నాయనమ్మ. వాటిని చూసుకుని రోజు నడుపుకుంటాడు. వరస మారబోతే ముందుగా కార్డు మార్చి చూపించాలి. కుక్కర్ విజిల్ వాడికి భరించలేని చప్పుడు, అందుకని మా ఇంట్లో అన్నం గంజి వార్చే వండుతాం. సాయంత్రాలు నాయనమ్మ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరతాడు. ఒక్క రాయి మిగలదు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది, 2016 చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఒకటైంది. ఆ సర్టిఫికెట్ ఉండబట్టే మూడు బడులు కాదన్నాక నాలుగో బడి వాడిని చేర్చుకుంది. వాడి కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టాను. నా జానెడంత మందం అయింది.

మా అమ్మాయికి ఫైలు లేదు.

తన గురించి ఇప్పటిదాకా ఈ వ్యాసంలో ఎంత తక్కువ రాశానో చూడండి. మా ఇంట్లోనూ అంతే జరిగింది.

చుట్టాలందరికీ తనంటే ముచ్చట. "కాలు ఒక్క తాన నిలవది, పనిమంతురాలు" అనేవాళ్లు. నిజమే, నిలవదు. పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చుని లేచి నీళ్ల సీసాలు నింపేది, మళ్లీ కూర్చుని లేచి బట్టలు మడిచేది, తమ్ముడు ఏడిస్తే అందరికన్నా ముందు ఉరికేది. అదే కదలిక మగపిల్లాడిలో ఉంటే బడి నుంచి ఫిర్యాదు వచ్చేది. ఆడపిల్లలో ఉంటే ఇంటికి పనికొచ్చింది. "నా కుడిభుజం" అని నేనే ఎంతమంది దగ్గర చెప్పుకున్నానో! ఏటా రెండు జామెట్రీ బాక్సులు పోగొట్టేది. చెప్పు ఒకటే తొడుక్కుని బడి నుంచి వచ్చిన రోజుంది. ప్రోగ్రెస్ కార్డుల్లో టీచర్లు మారారు గానీ రాత మారలేదు: తెలివైనదే, పరధ్యానం ఎక్కువ, శ్రద్ధ పెడితే బాగా రాణిస్తుంది. హోంవర్క్ చెయ్యకపోతే తమ్ముడి వల్ల కుదరలేదేమోనని నేనే సర్దిచెప్పేదాన్ని. లోపల ఇంకేదైనా ఉంటే కనపడకుండా తమ్ముడు అడ్డం ఉన్నాడు. వాణ్ణి అడ్డం పెట్టింది నేనే.

2020లో తను పదో తరగతి. కరోనా వల్ల మిగిలిన పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేశారు. ఇంటర్ మొదటి సంవత్సరమంతా ఫోన్ ముందే గడిచింది. ఆ పరీక్షలు పెట్టి 2021 డిసెంబరులో ఫలితాలిస్తే తెలంగాణలో రాసినవాళ్లలో సగానికి పైగా తప్పారు. మా అమ్మాయి రెండింటిలో తప్పింది. పిల్లలు ప్రాణాలు తీసుకున్న వార్తలు వచ్చాయి. కొద్ది రోజులకే ప్రభుత్వం తప్పినవాళ్లందరినీ కనీస మార్కులతో పాస్ చేస్తున్నట్టు ప్రకటించింది. "అయిపోయింది పో, కరోనా బ్యాచ్ అంతా ఇంతే" అని నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు కడుగుతూ తను అంది: "అమ్మా, వాళ్లంతా కరోనా వల్ల ఫెయిలయ్యిండ్రు. ఇన్నేళ్లు నేనెట్ల పాసైన్నో నీకెర్కేనా?"

నాకు తెలియదు. చెప్పింది. ఒక్కో పేజీ ఐదారు సార్లు చదివితే తప్ప ఏం చదివిందో తెలియదట. కళ్లు అక్షరాల మీదే ఉంటాయి, మనసు ఎటో పోతుంది. పోయిందని తెలిసి గుంజుకొచ్చేసరికి పేజీ అయిపోతుంది. అందుకని మేం పడుకున్నాక స్నానాల గదిలో లైటు వేసుకుని రెండింటిదాకా చదివేదట. మనసు జారకుండా తొడ మీద గిచ్చుకునేదట. చీర చెంగు తడిసి నా కాళ్ల మీద నీళ్లు కారుతున్నా అలాగే నిలబడ్డాను. "మరి చెప్పలేదేం?" అన్నాను. "తమ్ముడి పని ఉంటది గదా నీకు" అంది.

వరంగల్‌లో ఒక మానసిక వైద్యురాలి దగ్గరకు వెళ్లాం. ఏడీహెచ్‌డీకి కూడా రక్తపరీక్ష లేదు. పరధ్యానానికి సంబంధించి తొమ్మిది లక్షణాలు, నిలకడలేనితనానికి సంబంధించి తొమ్మిది. పదహారేళ్ల దాకా ఏదో ఒక వరసలో కనీసం ఆరు ఉండాలి. ఆరునెలలకు పైగా ఉండాలి, ఇల్లు, బడి లాంటి రెండు చోట్లయినా కనపడాలి, పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి. అవి చదువును, రోజువారీ బతుకును దెబ్బతీస్తూ ఉండాలి. నిద్రలేమి, థైరాయిడ్, దిగులు లాంటి ఇతర కారణాలు కావని కూడా చూడాలి. ఇంటివాళ్లు నింపాల్సిన ప్రశ్నావళి నాకిచ్చారు. నాకిది కొత్త కాదు కదా! నేను చెప్పిందే సాక్ష్యమన్న పాత ధీమాతో చకచకా నింపాను. 'వస్తువులు పోగొట్టుకుంటుందా?' అప్పుడప్పుడు. 'మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తుందా?' లేదు. 'మాట్లాడుతుంటే వినిపించుకోనట్టు ఉంటుందా?' ఎప్పుడూ లేదు.

పక్కనుంచి చూస్తున్న మా అమ్మాయి చాలా మెల్లగా, డాక్టరుకు వినపడకుండా అంది: "ఇది నేను కాదమ్మా. ఇది నీకు కావాల్సిన నేను."

నేను నింపిన కాగితం ప్రకారం మా అమ్మాయికి ఏమీ లేదు. డాక్టరు దాన్ని పక్కన పెట్టి, తనను విడిగా గంటన్నర అడిగింది, పాత ప్రోగ్రెస్ కార్డులు తెమ్మంది. బీరువాలన్నీ వెతికితే ఐదే దొరికాయి. వాటిలోని ఆ ఒకేలాంటి వాక్యాలే సాక్ష్యమయ్యాయి. పరధ్యానం ప్రధానంగా ఉండే ఏడీహెచ్‌డీ అని తేలింది. తల్లి మాట నమ్మాలని పన్నెండేళ్లు పోట్లాడినదాన్ని, తల్లి మాట నమ్మకపోవడం వల్ల నా కూతురికి న్యాయం జరిగింది! దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో చాలాకాలం తెలియలేదు. తల్లి చూపు అవసరం. అది లేకుండా ఏ కొలమానమూ నిండదు. కానీ ఆ చూపు కూడా ఇంటి అవసరాల్లోంచే చూస్తుంది. అందులో ఆడపిల్ల మీద పెట్టుకున్న ఆశలూ, ఆమెతో చేయించుకున్న చాకిరీ కలిసే ఉంటాయి. అందుకే పిల్ల మాట పిల్లనే అడగాలి.

ఈ పొరపాటు నా ఒక్కదానిదే కాదు. 1968లో అమెరికా మానసిక వైద్యుల సూచిక పుస్తకంలో దీనికి పెట్టిన పేరే అతికదలికకు సంబంధించింది. బల్లలెక్కి దూకే మగపిల్లాణ్ణి చూసి పెట్టిన పేరది. కదలిక లేని పరధ్యానాన్ని విడిగా గుర్తించింది 1980లో. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఒకే పిల్లలో కలిసి ఉండవచ్చని ఆ పుస్తకం ఒప్పుకున్నది 2013లో. ఆటిజంలో నలుగురు మగపిల్లలకు ఒక ఆడపిల్ల అని చాలాకాలం చెప్పారు. ఆ తేడా అంత ఉండదనీ, ఎదుటివాళ్లను చూసి నేర్చుకుని కప్పిపుచ్చుకునే ఆడపిల్లలు లెక్కలోకి రావడం లేదనీ ఇప్పుడంటున్నారు. కప్పిపుచ్చుకోవడం మనం ఆడపిల్లలకు ప్రత్యేకంగా నేర్పే విద్య కదా. కాలు ఊపకు, గట్టిగా నవ్వకు, నలుగురిలో పరాకుగా ఉండకు.

"మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉన్నారా?" అని డాక్టరు అడిగినప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఏడీహెచ్‌డీకి వంశపారంపర్యం బలమైన కారణం. మా అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది, వారానికి నాలుగుసార్లయినా పొంగిపోయేవి. నాన్న కొట్టేవాడు. ఊరంతా 'మాలోకం' అనేది. ఆమెకు ఏముందో ఇప్పుడు తేల్చలేం, చనిపోయి చాలా ఏళ్లయింది. పాలు పొంగినందుకు తిన్న దెబ్బలు మాత్రం నేను కళ్లారా చూశాను. నేను కూడా డాబా మీద పళ్లెం బోర్లాపడినందుకు కొట్టాను.

డాక్టరు మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టింది, చదువుకునే పద్ధతులు నేర్పే కౌన్సెలింగ్ కూడా. మందు అందరికీ ఒకేలా పనిచెయ్యదని, ఆకలి, నిద్ర, బీపీ గమనించుకుంటూ వాడాలని చెప్పింది. తనకు మధ్యాహ్నం ఆకలి చచ్చిపోయింది, మోతాదు మార్చారు. రెండో వారం కాలేజీ నుంచి వచ్చి, "ఇయ్యాల క్లాసుల సారు ఒక్కని గొంతే ఇనపడ్డదమ్మా, ఫ్యాన్ చప్పుడు సాయంత్రం యాదికొచ్చింది" అంది. మా ఆడబిడ్డ మాత్రం "ఆడపిల్లకు గీ మాత్రలేంది? రేపు పెండ్లెట్ల?" అంది. కొడుకు ఫైలు బడి బల్ల మీద పెట్టి హక్కుగా మాట్లాడినదాన్ని, కూతురి మందుచీటీ హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టాను. అది చూసి తనే తీసి ఫ్రిజ్ మీద అంటించింది. ఇంకో తేడా కూడా ఉంది. 2016 చట్టంలోని ఆ 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ లేదు. ఆ చట్టం పేరు చెప్పి పరీక్షలో అదనపు సమయం అడగడానికి తన దగ్గర సర్టిఫికెట్ లేదు.

దీన్నంతా ఇంగ్లీషులో 'మేనేజ్‌మెంట్' అంటారు. ఆ మాట చాలా ఏళ్లు నా చాకిరీకి మారుపేరుగా ఉండేది. మా ఇంట్లో నిజంగా పనికొచ్చినవి రాసి చూసుకుంటే, ఎక్కువ భాగం పిల్లల్ని మార్చినవి కావు. కుక్కర్ మానేశాం. గోడ మీద కార్డులు పెట్టాం. నాయనమ్మ నోరు తెరిపించాం. అమ్మాయి ఇరవై నిమిషాలు చదివి లేచి తిరగడాన్ని తప్పుపట్టడం మానేశాం. అన్నిటికన్నా పెద్దది, తమ్ముడి సాయంత్రాలు తన చేతుల్లోంచి తీసేశాం. అవి వాళ్ల నాన్న తీసుకున్నాడు. మొదటి నెల రోజుకు పదిసార్లు నన్నడిగేవాడు. నేను చెప్పడం మానేశాను. మెల్లగా వాడినే చూసి నేర్చుకున్నాడు. ఆయన గురించి సహచరుడని ఇప్పుడు రాయగలను.

ఆటిజం ఉన్న జిమ్ సింక్లెయిర్ 1993లో తల్లిదండ్రుల్ని ఉద్దేశించి, మా కోసం శోకించకండి అని చెప్పడం ఉద్యమాల్లో పెద్ద మాటగా నిలిచిపోయింది. మీరు కోల్పోయిన పిల్ల గురించి ఏడుస్తూ, ఎదురుగా ఉన్న పిల్లను చూడటం లేదన్నది దాని సారాంశం. నా కొడుకు గురించి ఆ మాట నాకు త్వరగానే అర్థమైంది. కూతురి గురించి అర్థం కావడానికి తను ఇంటర్ తప్పాల్సి వచ్చింది.

ఆ డాబా మీది రాత్రిని ఇప్పుడు మళ్లీ తలచుకుంటే, అత్తమ్మ వేలు కాదు గుర్తొచ్చేది. తమ్ముడికి చందమామ కనపడాలని ఈ మూల నుంచి ఆ మూలకు ఉరికిన ఆరేళ్ల పిల్ల. చూపించాల్సింది చూపిస్తూనే ఉంది. మేమంతా వాడు చూస్తున్నాడా లేదా అనే చూశాం.

ఇది పంపే ముందు తనకిచ్చాను. ఇరవై ఏళ్లు, డిగ్రీ మూడో సంవత్సరం. నాలుగు రోజులు పట్టింది చదవడానికి, మధ్యలో రెండుసార్లు కాగితాలు ఎక్కడో పెట్టి మర్చిపోయింది. రెండు పేరాలు కొట్టేసి ఇచ్చింది. "గివి నావి" అంది. అవి ఇక్కడ లేవు. వాడినడిగే దారి నాకింకా తెలియదు. అందుకే వాడు నలుగురిలో చేసేవి తప్ప రాయలేదు. రాత్రి వాడి పక్కన కూర్చుని ఈ వ్యాసం కొంత చదివి వినిపించాను. బియ్యం చాట మీంచి తల ఎత్తలేదు. నాయనమ్మ 'సాలు' దగ్గర మాత్రం "సాలు" అన్నాడు. ఆ మాట నచ్చి అన్నాడో, ఇక చదవడం ఆపమన్నాడో తెలియదు. ఆపేశాను.